తమ్ముడు ఇజ్రాయెల్ వెళ్తానంటున్నాడు, ఎంబసీ అడ్వైజరీని ఎలా చదవాలి?

చెల్లెమ్మా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. జగిత్యాల దగ్గర ఊరు, 27 ఏళ్ల తమ్ముడు, ఇజ్రాయెల్‌లో ఒక పెద్దాయన్ని చూసుకునే కేర్‌గివర్ పని. అమ్మ టీవీలో మిసైళ్లు చూసి సరిగ్గా తిండి తినడం లేదు. ఏజెంటేమో "అడ్వైజరీలన్నీ ఫార్మాలిటీకి ఇస్తరు, పోయినోళ్లందరూ మంచిగనే ఉన్నరు" అంటున్నాడు. ఎంబసీ ఇచ్చే ఆ అడ్వైజరీకి, అంటే హెచ్చరిక కాగితానికి, నిజంగా ఎంత విలువివ్వాలి, తమ్ముణ్ని పంపాలా వద్దా అని నీ ప్రశ్న.

నేను ఎంబసీ మనిషిని కాను. లిబియా, ఇరాక్‌లలో కలిపి 14 ఏళ్లు కన్‌స్ట్రక్షన్ కంపెనీల్లో క్యాంప్ బాస్‌గా చేశాను. కూలీల పాస్‌పోర్టులు, ఎగ్జిట్ వీసాలు, ఎయిర్‌పోర్టుకు బస్సులు, ఇవే నా పని. ఎంబసీ నుంచి వచ్చే కాగితాన్ని క్యాంపులో గోడకు అంటించేదీ నేనే, "అన్నా, ఇప్పుడేం చేద్దాం" అంటే బదులు చెప్పాల్సిందీ నేనే. కాబట్టి ఆఫీసు భాష కన్నా, ఆ కాగితం కింద నిలబడ్డ మనుషులు ఏం చేశారో నాకు బాగా తెలుసు.

ముందు ఏజెంటు మాట. అందులో సగం నిజం ఉంది, అందుకే అది ప్రమాదం. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడి జరిగేనాటికి ఇజ్రాయెల్‌లో మనవాళ్లు దాదాపు 18,000 మంది, అందులో ఎక్కువమంది కేర్‌గివర్లే. అక్టోబర్ 12న ఆపరేషన్ అజయ్ పేరుతో ప్రభుత్వం సొంత ఖర్చుతో విమానాలు పెడితే వచ్చింది 1,300 పైచిలుకు. మిగతావాళ్లు అక్కడే ఉండిపోయారు, చాలామంది క్షేమంగానే ఉన్నారు. దీన్ని చూపించి ఏజెంటు "చూశారా" అంటాడు. ఎందుకు ఉండిపోయారో మాత్రం చెప్పడు. నాకు తెలిసిన కుటుంబాల్లో అయితే కారణం ఒక్కటే, అప్పు. లక్షలు కట్టి వెళ్లినవాడు ఆరు నెలలకే తిరిగొస్తే ఊళ్లో వడ్డీ ఎవరు కడతారు? వాళ్లు ఉండిపోవడానికి కారణం ఆ అప్పే. దాన్ని చూపించి అక్కడ భయం లేదంటే ఎట్లా?

ఇక అడ్వైజరీ. మన వాళ్లు దాన్ని "ఆ దేశం మంచిదా చెడ్డదా" అని చెప్పే సర్టిఫికెట్ లాగా చదువుతారు. అట్లా చదివితే ఎప్పుడూ తప్పే అర్థమవుతుంది. దాన్ని బస్టాండ్‌లో టైం చెప్పే గడియారంలా చూడాలి. టికెట్ కొనుక్కుని మామూలుగా బయటపడే రోజులు ఇంకా ఎన్ని ఉన్నాయో అది చెబుతుంది, అదీ మెత్తటి మాటల్లో.

దీనికి ఉక్రెయిన్ కన్నా మంచి ఉదాహరణ లేదు. 2022 ఫిబ్రవరి 15న కీవ్‌లోని మన ఎంబసీ, ఉండటం తప్పనిసరి కానివాళ్లు, ముఖ్యంగా విద్యార్థులు, తాత్కాలికంగా వెళ్లిపోయే విషయం ఆలోచించుకోవచ్చు అంది. "ఆలోచించుకోవచ్చు" అన్న ఒక్క మాట మీద వేలమంది పిల్లలు ఆగిపోయారు. 20న కాస్త గట్టిగా, తాత్కాలికంగా వెళ్లండి అంది. 22న, ఆన్‌లైన్ క్లాసుల గురించి యూనివర్సిటీ చెప్పేదాకా ఆగకుండా బయల్దేరండి అంది. 24 తెల్లవారుజామున రష్యా దాడి మొదలైంది, ఆకాశం మూసేశారు, మనవాళ్లను తీసుకురావడానికి బయల్దేరిన ఎయిర్ ఇండియా విమానం దారిలోంచే వెనక్కి తిరిగింది. అదే రోజు మాట మారింది, ఎక్కడివాళ్లు అక్కడే ఉండండి అని. 26న, మా అధికారులతో మాట్లాడకుండా సరిహద్దు పోస్టులకు రావద్దు అని. మార్చి 1న ఖార్కివ్‌లో కర్ణాటక విద్యార్థి ఒకరు షెల్లింగ్‌లో చనిపోయాడు. మార్చి 2న ఖార్కివ్‌లో ఉన్నవాళ్లకు వచ్చిన సలహా ఏమిటంటే, వెంటనే నగరం వదలండి, బండి దొరక్కపోతే నడిచైనా సరే, సాయంత్రం ఆరులోపు పిసోచిన్, బబాయి, బెజ్లూదివ్కాలకు చేరండి. ఆ ఊళ్లు 11, 12, 16 కిలోమీటర్ల దూరం. మంచులో, బాంబుల మధ్య.

ఫిబ్రవరి 15 నుంచి మార్చి 2కు పదిహేను రోజులు. "ఆలోచించుకోవచ్చు" నుంచి "నడిచైనా పొండి" దాకా అదే ఆఫీసు. మొదటి కాగితానికి కదిలినవాడు టికెట్ కొని, సూట్‌కేసుతో శంషాబాద్‌లో దిగాడు. చివరి కాగితానికి కదిలినవాడు బ్యాగు రోడ్డు మీద వదిలేసి నడిచాడు. ఆ తర్వాత ప్రభుత్వం విమానాలు పెట్టిన ఆపరేషన్ గంగలో 22,500 మంది దాకా క్షేమంగా వచ్చారు, అది నిజంగా పెద్ద పనే. సుమీ అనే ఇంకో నగరంలో చిక్కుకున్న దాదాపు 700 మంది పిల్లలను మార్చి 8న బస్సుల్లో పోల్టావాకు చేర్చిన తీరు చూస్తే మెచ్చుకోక తప్పదు. కానీ పోలండ్, రొమేనియా, హంగరీ సరిహద్దుల దాకా చాలామంది చేరుకున్నది సొంతంగానే, చలిలో గంటల తరబడి క్యూలో నిలబడే.

ఇక్కడ ప్రభుత్వాన్ని కూడా ఒక మాట అనాలి. ఎంబసీ వాళ్లు ఎందుకంత మెత్తగా రాస్తారు? ఆ దేశ ప్రభుత్వం నొచ్చుకుంటుంది, మనవాళ్లలో గాబరా పుడుతుంది, రేపు యుద్ధం రాకపోతే "చదువులు పాడుచేశారు" అని తిడతారు. ఇవన్నీ లెక్కవేసుకుని ఒక్కో మాట కొలిచి వేస్తారు. అర్థం చేసుకోదగ్గదే. కానీ హాజరు పడదని యూనివర్సిటీ బెదిరిస్తుంటే, టికెట్ ధర రెండింతలైతే, ఇరవై ఏళ్ల పిల్లాడికి "ఆలోచించుకోవచ్చు" అంటే ఏం తోస్తుంది? అందుకే నేను మా క్యాంపులో ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎంబసీ మాటను ఒక మెట్టు పైకి ఎక్కించి చదవాలి. "జాగ్రత్తగా ఉండండి" అంటే కాగితాలు సర్దుకో. "అనవసర ప్రయాణాలు మానుకోండి" అంటే టికెట్ ధర చూడు. "వెళ్లే విషయం ఆలోచించండి" అంటే ఈ వారమే పో. "అందుబాటులో ఉన్న ఏ మార్గంలోనైనా వెళ్లండి" అన్నారంటే అప్పటికే లేటయింది, మార్గాలు మూసుకుపోతున్నాయని వాళ్లే ఒప్పుకుంటున్నారు.

అమెరికా వాళ్ల తీరు వేరు. 2018 నుంచి ప్రతి దేశానికీ ఒకటి నుంచి నాలుగు లెవెళ్లు పెట్టారు, నాలుగంటే వెళ్లొద్దు. అయినా వెళ్తానంటే విల్లు రాసుకో, పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చిపో, డీఎన్ఏ నమూనా డాక్టర్ దగ్గర పెట్టిపో అని మొహమాటం లేకుండా చెబుతారు. మొదటిసారి చదివినప్పుడు నాకు వెన్నులో చలి పుట్టింది. మనకు అట్లాంటి లెవెళ్లు లేవు, మాటలే. నేను మాత్రం మన ఎంబసీది, అమెరికాది, బ్రిటన్‌ది మూడూ పక్కపక్కన పెట్టి చూస్తాను. బ్రిటన్ వాళ్ల పేజీలో ఒక సౌకర్యం ఉంది, దేశం మొత్తాన్ని ఒకే గాటన కట్టకుండా మ్యాపులో ఏ పట్టీ వరకు ప్రమాదమో రంగు వేసి చూపిస్తారు.

అది చాలా ముఖ్యం, ఎందుకంటే ప్రమాదాన్ని ఊరు పేరుతో కొలవాలి, దేశం పేరుతో కాదు. 2024 మార్చి 4న లెబనాన్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న మార్గలియోత్ అనే ఊళ్లో పండ్ల తోట మీద మిసైల్ పడి కేరళ యువకుడొకరు చనిపోయాడు, ఇద్దరు గాయపడ్డారు. మరునాడే మన ఎంబసీ, ఉత్తర, దక్షిణ సరిహద్దు ప్రాంతాల్లో పనిచేసేవాళ్లు ఇజ్రాయెల్‌లోనే క్షేమమైన చోటికి మారండి అంది. గమనించు, దేశం వదలమనలేదు, ఊరు మారమంది. కానీ కేర్‌గివర్‌కు వీసా, ఇల్లు, జీతం అన్నీ ఒకే ముసలాయనతో ముడిపడి ఉంటాయి. ఊరు మారాలంటే యజమాని మారాలి. "మారండి" అన్నది ఒక లైనే, దాన్ని చేసి చూపించడం ఎంత కష్టమో తమ్ముడికి ముందే తెలియాలి.

అందుకే ఏజెంటును అడగాల్సిన మొదటి ప్రశ్న జీతం ఎంత అని కాదు, ఏ టౌన్ అని. రెండోది, ఆ ఇంట్లో మమాద్ ఉందా అని. మమాద్ అంటే ఇంట్లోనే కాంక్రీటుతో కట్టిన భద్రమైన గది, కొత్త ఇళ్లలో ఉంటుంది, పాత అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల ఉండదు. అప్పుడు మెట్లు దిగి కింద ఉమ్మడి షెల్టర్‌కు పోవాలి. సైరన్ మోగాక ఎంత టైం ఉంటుందో ఊరిని బట్టి ఉంటుంది. గాజా పక్కన 15 సెకన్లు, టెల్ అవీవ్‌లో 90 సెకన్లు, లెబనాన్ సరిహద్దు మీద అయితే వెంటనే. ఇప్పుడు ఆలోచించు, మంచం మీద నుంచి లేవలేని మనిషిని 90 సెకన్లలో మూడంతస్తులు కిందికి దించగలడా? దించలేడు. వదిలేసి తనొక్కడే పరుగెత్తాలా, దగ్గరే ఉండాలా? ఈ ప్రశ్న ఏ అడ్వైజరీలోనూ ఉండదు. మీ తమ్ముడు మంచివాడైతే దగ్గరే ఉంటాడు. అందుకే ఇంట్లో గది ఉన్న చోటికే ఒప్పుకోవాలి.

నా సంగతి ఒకటి చెబుతాను. 2014లో ట్రిపోలీ బయట మా క్యాంపులో అరవై మంది పైగా ఉన్నాం, సగం మంది కరీంనగర్, నిజామాబాద్, శ్రీకాకుళం వాళ్లే. మే నెలలో బెంఘాజీలో పోరు మొదలైంది. అది మాకు చాలా దూరం, అందుకని ఎవరూ పట్టించుకోలేదు. మూడు నెలల జీతం బకాయి ఉంది, "వచ్చే వారం వేస్తాం" అని కంపెనీ వాళ్లు అంటున్నారు. పాస్‌పోర్టులన్నీ సిటీలో వాళ్ల ఆఫీసు బీరువాలో. పైగా అక్కడ దేశం దాటాలంటే ఎగ్జిట్ వీసా కావాలి, అది కంపెనీయే తీయించాలి. జూలై 13న ట్రిపోలీ ఎయిర్‌పోర్టు కోసం రెండు మిలీషియాలు, అంటే తుపాకీ గుంపులు, కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఎయిర్‌పోర్టు మూతపడింది. ఎంబసీ వెళ్లిపొమ్మంది. ఎట్లా పోవాలి? పాస్‌పోర్టు బీరువాలో, బీరువా కాల్పుల మధ్య.

తొమ్మిది రోజులు పట్టింది కాగితాలు చేతికి రావడానికి. చివరికి మూడు మినీ బస్సుల్లో ట్యునీషియా సరిహద్దు రాస్ జదీర్‌కు బయల్దేరాం. ట్రిపోలీ నుంచి 170 కిలోమీటర్లు, మామూలుగా రెండు మూడు గంటల దారి, మాకు ఒక పగలు, ఒక రాత్రి. ప్రతి చెక్‌పోస్టులోనూ వేరే గుంపు. ఫోన్లు పోయాయి, డాలర్లు పోయాయి, ప్రాణాలతో ట్యునీషియాలోని జెర్బా ఎయిర్‌పోర్టు చేరాం. ఆ మూడు నెలల జీతం ఈ రోజుకీ రాలేదు. మే నెలలోనే ఆ బకాయి మీద ఆశ వదులుకుని పదకొండు మంది కంపెనీతో పట్టుబట్టి పాస్‌పోర్టులు తీసుకుని మామూలు విమానంలో వెళ్లిపోయారు. మేం వాళ్లను చూసి నవ్వాం.

మేం అదృష్టవంతులం అని తర్వాత తెలిసింది. 2015 జూలైలో లిబియాలోనే సిర్తే యూనివర్సిటీలో పాఠాలు చెప్పే నలుగురు భారతీయులను చెక్‌పోస్టు దగ్గర ఎత్తుకెళ్లారు. వాళ్లు ఇంటికి బయల్దేరినవాళ్లు, దారిలో పట్టుబడ్డారు. ఇద్దరు కర్ణాటక వాళ్లు త్వరగానే బయటపడ్డారు, మన తెలుగువాళ్లిద్దరికి విడుదల దొరికింది 2016 సెప్టెంబరులో. మళ్లీ 2020 సెప్టెంబరులో ఏడుగురు, అందులో ఆంధ్రా వాళ్లూ ఉన్నారు, ట్రిపోలీ ఎయిర్‌పోర్టుకు వస్తుంటే అష్వెరిఫ్ అనే చోట కిడ్నాప్ అయ్యారు. అక్టోబరులో వదిలారు. రెండుసార్లూ జరిగింది ఇంటికొచ్చే దారిలోనే. యుద్ధం ఉన్న చోట అన్నిటికన్నా ప్రమాదమైన ప్రయాణం ఎయిర్‌పోర్టుకు పోయే ప్రయాణం. ఆలస్యమయ్యేకొద్దీ ఆ దారిలో తుపాకులు పెరుగుతాయి. "గడియారం" అని నేనన్నది ఇందుకే.

లిబియా వల్ల ఇంకో తేడా కూడా చెప్పాలి. అడ్వైజరీ వేరు, నిషేధం వేరు. లిబియాకు ఎవరూ ఏ పని మీదా వెళ్లకూడదని 2016 మేలో మన ప్రభుత్వం నిషేధమే పెట్టింది. 2020లో కిడ్నాప్ జరిగేనాటికి అది అమల్లోనే ఉంది. అయినా ఏడుగురు అక్కడ ఉన్నారంటే ఎవరో ఒకరు పంపారనే కదా. పైగా అప్పుడు లిబియా వ్యవహారాలు చూస్తున్నది పక్క దేశంలో, ట్యునిస్‌లోని మన ఎంబసీ. యెమెన్‌కూ 2017 నుంచి ఇట్లాంటి నిషేధమే, అక్కడ జైల్లో ఉన్న కేరళ నర్సును చూడటానికి కన్నతల్లి వెళ్లాలన్నా ఢిల్లీ హైకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. నిషేధం ఉన్న దేశానికి దుబాయ్ మీదుగానో ఇంకెక్కడి మీదుగానో పంపుతానన్న ఏజెంటును గుమ్మంలోకి కూడా రానివ్వద్దు.

ఇజ్రాయెల్‌కు అట్లాంటి నిషేధం కాదు, అడ్వైజరీల సంగతే. కానీ ఒక చిక్కు ఉంది. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ముద్ర ఉంటుంది కదా, వాళ్లు గల్ఫ్ దేశాలు, ఇరాక్, లిబియా లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే ప్రభుత్వ అధికారి అనుమతి కావాలి. ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ సైట్లో కాంట్రాక్టు చూస్తారు, ప్రవాసీ భారతీయ బీమా చేయిస్తారు. ఆ 18 దేశాల్లో ఇజ్రాయెల్ లేదు. రష్యా కూడా లేదు. అంటే ఆ జల్లెడ ఇక్కడ పనిచేయదు, జల్లెడ పట్టాల్సింది మీరే. రష్యా విషయంలో ఏమైందో పేపర్లో చదివే ఉంటావు. హెల్పర్ పనని చెప్పి పంపితే సైన్యంలో తేలారు, హైదరాబాద్ యువకుడొకరు అక్కడే చనిపోయాడని 2024 మార్చిలో తెలిసింది, సీబీఐ కేసు పెట్టింది. విదేశాంగ శాఖ ఆ యుద్ధానికి దూరంగా ఉండండి అని ఫిబ్రవరిలోనే చెప్పింది, కానీ అప్పటికే వెళ్లినవాళ్లు వెళ్లిపోయారు.

కాబట్టి ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైట్లో పేరు కొట్టి చూడు. సబ్ ఏజెంటును నమ్మి డబ్బు చేతికివ్వొద్దు. చట్టం ప్రకారం లైసెన్స్ ఉన్న ఏజెంటు తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షల్లో అడుగుతున్నాడంటే మిగతాది దేనికో రాసిమ్మను. రాసివ్వడు, చూడు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపుతుంది, ఇదే పనికి అక్కడేమైనా దారి ఉందేమో ఒకసారి పోయి అడగండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ అని ఏదైనా పాలసీ చేతిలో పెడితే, అందులో యుద్ధం వల్ల జరిగే నష్టం మినహాయింపుల్లో ఉందేమో చూడండి. మామూలు పాలసీల్లో ఉంటుంది.

"ఏదైనా అయితే ప్రభుత్వం విమానం పంపుతుందిలే" అనే ధీమా మన వాళ్లలో చాలా ఉంది. 1990లో కువైట్ నుంచి లక్షా డెబ్బై వేల మందిని తెచ్చారు కదా అంటారు. తెచ్చారు. మా మేనమామ అందులోనే వచ్చాడు. కానీ విమానం ఎక్కింది జోర్డాన్‌లోని అమ్మాన్‌లో. కువైట్ నుంచి ఇరాక్ ఎడారి మీదుగా అక్కడికి చేరడానికి ఉన్న బంగారం అమ్ముకున్నాడు. 2023లో సూడాన్ నుంచి తెచ్చినప్పుడు కూడా ఖార్తూమ్ నుంచి పోర్ట్ సూడాన్‌కు 850 కిలోమీటర్లు బస్సుల్లో వచ్చాకే ఓడ, విమానం. 2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ కొట్టుకున్నప్పుడు ఇజ్రాయెల్ ఎయిర్‌పోర్టు మూసేశారు, మనవాళ్లను రోడ్డు మీద జోర్డాన్, ఈజిప్టు సరిహద్దులు దాటించి తెచ్చారు. టెహ్రాన్‌లో పిల్లలను ముందు సిటీ బయటికి, తర్వాత కొందరిని అర్మేనియాకు. విమానం వస్తుంది చెల్లెమ్మా, ఎక్కాల్సిన చోటికి మాత్రం నడక మనదే.

పంపాలా వద్దా? నా మాట ఇది. అప్పు తెచ్చి పంపేటట్టయితే పంపొద్దు. ఆ అప్పే రేపు వాడి కాళ్లకు బంధం అవుతుంది, ఎంబసీ పొమ్మన్నా పోలేడు. సొంత డబ్బుతో, లైసెన్స్ ఉన్న దారిలో, సరిహద్దులకు దూరంగా ఉన్న ఊళ్లో, మమాద్ ఉన్న ఇంట్లో పని అయితే నేను అడ్డు చెప్పను. అక్కడ కేర్‌గివర్ పని మర్యాదైన పనే, చాలా ఇళ్లు నిలబడ్డాయి.

వెళ్తే మాత్రం ఎయిర్‌పోర్టుకు బయల్దేరే ముందే అందరూ కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి, ఏది జరిగితే మారుమాట లేకుండా వచ్చేస్తాడో. "ఎంబసీ వెళ్లడం గురించి ఆలోచించమంటే" అని ఒకటి. "విమాన కంపెనీలు ఒక్కొక్కటే టెల్ అవీవ్ సర్వీసు ఆపేస్తుంటే" అని ఒకటి. నా అనుభవంలో విమాన కంపెనీలు ఎంబసీ కన్నా ముందే పసిగడతాయి, వాళ్ల వెనక బీమా కంపెనీలు ఉంటాయి కాబట్టి. ఆ కాగితం మీద అమ్మ సంతకం కూడా పెట్టించు. అప్పుడు "ఇంకో నెల చూద్దాం" అని వాడనలేడు, "అప్పుడే వచ్చేశావా" అని ఊళ్లో ఎవరన్నా అంటే నువ్వు చెప్పగలవు.

దిగిన వారంలోపే ఎంబసీలో పేరు నమోదు చేయించుకోవాలి. గొడవ మొదలైనప్పుడు వాళ్లు పెట్టే ఫారం, టెలిగ్రామ్ గ్రూపు లింకు వెతుక్కునే టైం ఉండదు. పాస్‌పోర్టు ఎవరికీ ఇవ్వకూడదు. దాని ఫొటో, వీసా ఫొటో నీ ఫోన్లో ఒకటి, అమ్మ దగ్గర జిరాక్స్ ఒకటి. తిరుగు టికెట్ డబ్బు అక్కడి జీతంతో ముట్టుకోకుండా పక్కన ఉండాలి, అందులో కొంత డాలర్లలో చేతిలో ఉండాలి, ఏటీఎంలు పనిచేస్తాయన్న నమ్మకం లేదు. అక్కడి హోం ఫ్రంట్ కమాండ్ యాప్ ఫోన్లో వేసుకుంటే ఆ ఊరికి సైరన్ ఎప్పుడో, ఎన్ని సెకన్లో అదే చెబుతుంది. అమ్మ మాత్రం ఆ యాప్ వేసుకోకూడదు, వేసుకుంటే నిద్రపోదు. రోజూ రాత్రి ఒక మెసేజ్ చాలు అని ఇద్దరి మధ్యా ఒప్పందం చెయ్యి. ఏదైనా అయితే ఇక్కడి నుంచి నువ్వు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, దానికి వాడి పాస్‌పోర్టు నంబరు, యజమాని పేరు, అడ్రసు కావాలి. వాడు దిగిన రోజే అడిగి రాసిపెట్టుకో.

ఏజెంటు చెప్పిన టౌన్ పేరు, వాడి లైసెన్స్ నంబరు, కాంట్రాక్టు కాగితం మొదటి పేజీలో ఏముందో (తమ్ముడి వివరాలు తీసేసి) రాయి. ఆ ఊరు ఏ సరిహద్దుకు ఎంత దూరమో, జోర్డాన్ వైపు దగ్గరా ఈజిప్టు వైపు దగ్గరా చూసి చెబుతాను. అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.